దెబ్బలకు దొరికేవాడు దొంగ కాడు

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. నేరం జరిగిన పూట చేయవలసిన పని చేయకుండా, తర్వాత ఎన్నాళ్లు గగ్గోలు పెట్టినా ఫలితం ఉండదు. మన పల్లెల్లో ఏదైనా ఘోరం జరిగినప్పుడు పోలీసులు ఆలస్యంగా వచ్చారని, పట్టించుకోలేదని తిట్టుకోవడం పరిపాటి. అందులో నిజం ఉండవచ్చు. అయితే పోలీసులు వచ్చేలోపు మనం ఏం చేస్తున్నాం, వచ్చిన తర్వాత వారి నుంచి ఏం కోరుతున్నాం అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

చాలా ఏళ్ల కిందట మా ఊళ్లో ఒక రైతు ఇంట్లో దొంగతనం జరిగింది. పత్తి అమ్మిన డబ్బు, ఆడపిల్ల పెళ్లికని దాచిన నగలు బీరువాలోంచి పోయాయి. తెల్లవారుజామున ఇల్లాలు గోల పెట్టగానే ఊరంతా అక్కడికి చేరింది. పెరటి గోడ దూకిన చోట మెత్తటి నేల మీద పాదం అచ్చు గుద్దినట్టు పడిందని మొదట చూసిన ముసలమ్మ చెప్పింది. ఆ పాదం చూడబోయిన యాభై మంది పాదాలు దాని మీదనే పడ్డాయి. ఇంతలో పొద్దెక్కుతోందని ఎవరో వాకిలి ఊడ్చి కల్లాపి చల్లేశారు. బీరువా తలుపు పట్టుకుని చూడనివాడు లేడు. నేనూ పట్టుకున్నాను.

వేలిముద్రల సిబ్బంది వచ్చేసరికి మధ్యాహ్నమయింది. తలుపు మీద పొడి చల్లి చూసి, ఊరందరి వేళ్లూ ఇక్కడే ఉన్నట్టున్నాయని పెట్టె సర్దుకున్నారు. జాగిలం జనం మధ్య రెండు చుట్లు తిరిగి చెరువు గట్టు దగ్గర ఆగిపోయింది. ఆనవాళ్లు పోయాయి కనుక అనుమానాలు మొదలయ్యాయి. ఆ ఇంటి పాలేరు ముందురోజే జీతం అడ్వాన్సు అడిగాడట. అదే రుజువయింది. రచ్చబండ దగ్గర వేపచెట్టుకు కట్టి కొట్టారు. తర్వాత ఠాణాకు అప్పగించారు. మూడోనాడు ‘నేనే తీశాను’ అన్నాడు. ఎక్కడ పెట్టావంటే ఒకసారి గడ్డివాములో అన్నాడు, ఇంకోసారి పెంటదిబ్బలో అన్నాడు. వాము పీకారు, దిబ్బ తవ్వారు. ఏమీ దొరకలేదు. ఆ కాగితాల మీద మధ్యవర్తిగా సంతకం పెట్టినవారిలో నేనొకణ్ణి. అందులో ఏం రాశారో చదవలేదు.

ఏడాదిన్నర తర్వాత మరో ఊళ్లో దొంగతనం చేస్తూ దొరికిన మనిషి దగ్గర మా ఊరి నగల్లో ఒకటి బయటపడింది. అప్పటికే పాలేరు పెళ్లాం బిడ్డలతో ఊరు విడిచి వెళ్లిపోయాడు. అతని కుడిచేయి భుజం పైకి లేచేది కాదు. తప్పయిందని అతనికి చెప్పిన వారు మా ఊళ్లో ఒక్కరు లేరు.

మొదటి గంట మన చేతిలో ఉంది

నేరస్థుడు ఎంత జాగ్రత్తపరుడైనా వచ్చిన చోట ఏదో ఒకటి వదలుతాడు, అక్కడి నుంచి ఏదో ఒకటి అంటించుకుపోతాడు. పాదం గుర్తు, వేలిముద్ర, వెంట్రుక, రక్తపు చుక్క, బీడీ ముక్క, చొక్కా దారం – ఇవన్నీ సాక్షులే. వీటికి నోరు లేదు కనుక ఎవరూ బెదిరించలేరు, కొనలేరు. కాని కల్లాపి నీళ్లకు, చీపురుకు, జనం కాళ్లకు ఇవి తట్టుకోలేవు.

కాబట్టి ఊరివాళ్లు చేయవలసింది తక్కువే. గాయపడినవారు ఉంటే ముందు వారి ప్రాణం చూడాలి. ఆ తర్వాత 112కు గాని, ఠాణాకు గాని కబురు చేయాలి. ఇల్లయితే గడపకు అవతల, పొలమైతే పది బారల దూరంలో తాడు కట్టి, నమ్మకమైన ఇద్దరిని కాపలా ఉంచాలి. వెళ్లక తప్పనివారు ఒకే దారిన వెళ్లి, ఆ దారినే రావాలి. వాన వచ్చేటట్టుంటే పాదం గుర్తు మీద గంపనో, తొట్టినో బోర్లించాలి. ఎవరు ముందు చూశారు, ఎన్ని గంటలకు చూశారు, అప్పుడు తలుపు తీసి ఉందా, దీపం వెలుగుతోందా అన్నవి ఆ పూటే రాసిపెట్టుకోవాలి. రెండు రోజులు పోతే ఊరి కబుర్లు కలిసి, చూసింది ఏది, విన్నది ఏది అన్నది చూసినవాడికే తెలియకుండా పోతుంది.

ఉరి వేసుకున్న మనిషిలో ప్రాణం ఉందనిపిస్తే ఒక్క క్షణం ఆగకుండా దించాలి. అయితే ముడి విప్పకుండా, ముడికి దూరంగా తాడు కోయాలి. ఆ ముడి ఎవరు వేశారో చెప్పేది ఆ ముడే. పురుగుమందు కేసయితే డబ్బా, గ్లాసు, వాంతి పడిన గుడ్డ కడగకుండా ఉంచాలి. కిరాణా కొట్టు ముందు కెమెరా ఉంటే ఆనాటి దృశ్యాలు భద్రం చేయమని వెంటనే చెప్పాలి. చాలా కెమెరాల్లో కొద్ది రోజులకే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది.

మరొక మాట. కొత్త కోడలు అనుమానాస్పదంగా చనిపోతే పరువు పేరు చెప్పి పొద్దు వాలేలోపు దహనం చేసే అలవాటు ఇంకా పోలేదు. పెళ్లయిన 7 ఏళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా మేజిస్ట్రేటు విచారణ జరగాలని చట్టం చెబుతోంది. మామూలుగా తహసీల్దారు వచ్చి శవ పంచనామా జరిపేది అందుకే. చితికి నిప్పు పెడితే సాక్ష్యానికి నిప్పు పెట్టినట్టే. దానికి ఊరు సాక్షిగా నిలబడకూడదు.

ఆనవాలు ఎంత చెబుతుందో అంతే వినాలి

దర్యాప్తు అధికారి మొదట చేయవలసింది చూడడం. ముట్టుకోవడం ఆ తర్వాత. ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి, కొలతలతో పటం గీసి, ఒక పద్ధతి ప్రకారం అంగుళం అంగుళం వెతకాలి. పాదం గుర్తును ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీస్తారు. రక్తం అంటిన గుడ్డను నీడలో ఆరనిచ్చి కాగితపు కవరులో పెడతారు. తడిగా ప్లాస్టిక్ సంచిలో పెడితే కుళ్లి పరీక్షకు పనికిరాదు. ప్రతి వస్తువుకూ చీటీ కట్టి, సీలు వేసి, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాయాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా కోర్టులో కేసు ఊడిపోతుంది.

వేలిముద్రల శాస్త్రం మన దేశానికి కొత్తది కాదు. ప్రపంచంలోనే మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో ఏర్పడింది. మరుసటి ఏడాది జల్పాయిగురి ప్రాంతంలో ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోసి హత్య చేయబడ్డాడు. డబ్బు పెట్టె పగలగొట్టి ఉంది. అందులోని బెంగాలీ పంచాంగం మీద గోధుమరంగు మరకలో వేలిముద్ర దొరికింది. అది అంతకుముందు అక్కడ పనిచేసి, దొంగతనానికి శిక్ష పడిన నౌకరు ముద్రతో సరిపోయింది. కోర్టు ఏం చేసింది? దొంగతనానికి శిక్ష వేసింది. హత్యానేరం మాత్రం రుజువు కాలేదని వదిలింది. అతను ఆ పెట్టెలో చెయ్యి పెట్టాడని ఆ ముద్ర చెబుతుంది; కత్తి పట్టాడని చెప్పదు. సాక్ష్యాన్ని అంత జాగ్రత్తగా తూచడం 1898లోనే సాధ్యమయినప్పుడు, ఇవాళ జీతం అడ్వాన్సు అడిగాడని ఒక మనిషిని చెట్టుకు కట్టడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలి. 7 ఏళ్లు, అంతకుమించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలి. దీన్ని అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు 5 ఏళ్ల వ్యవధి ఇచ్చారు. నిపుణుడు వచ్చేసరికి ఆ స్థలంలో చూడడానికి ఏమైనా మిగలాలంటే ఊరి సహకారం కావాలి.

అడగడం ఒక విద్య

ప్రశ్నించడమంటే గద్దించడమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడని రచ్చబండ మీద చదువుకున్నవారు కూడా అంటుంటారు. నాలుగు తగిలిస్తే కక్కేది నిజం కాదు, కొట్టేవాడు వినదలచుకున్న మాట. నిద్ర లేక, నీళ్లు లేక, బయట ఆలుబిడ్డలు ఏమయ్యారో తెలియక ఉన్న మనిషి ఈ క్షణం గడిస్తే చాలనుకుంటాడు. మా పాలేరు గడ్డివాములో అన్నది అందుకే, దిబ్బలో అన్నది అందుకే.

తెలిసిన అధికారి పద్ధతి వేరుగా ఉంటుంది. సాక్షులను ఒకరి ఎదుట ఒకరిని కాక విడివిడిగా అడుగుతాడు. ముందు మనిషిని మాట్లాడనిస్తాడు. ‘రాత్రి గొడ్డలి తెచ్చింది వీడే కదా?’ అని అడిగితే ప్రశ్నలోనే జవాబు ఉంది. తల ఊపితే చాలు. ‘రాత్రి భోజనం దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పు’ అంటే మనిషి తన మాటలతో చెప్పక తప్పదు. ముగ్గురు సాక్షులు పాఠం అప్పజెప్పినట్టు ఒకే మాట చెబితే సంతోషించకూడదు, అనుమానించాలి. నిజంగా చూసినవారి మాటల్లో చిన్నచిన్న తేడాలు సహజం.

నేరం చేసినవాడికే తెలిసే సంగతి ఒకటి రెండు ప్రతి కేసులో ఉంటాయి. తాళం ఎటువైపు విరిచారు, ఆయుధం ఏ గుడ్డలో చుట్టారు వంటివి. వాటిని అధికారి గుట్టుగా ఉంచుకోవాలి. తనే ముందు బయటపెట్టి, తర్వాత అవే మాటలు ముద్దాయి నోట పలికిస్తే దానికి విలువ ఏముంటుంది? ఇక చెప్పిన ప్రతి మాటనూ బయట సరిచూడాలి. ఆ వేళ నీళ్ల వంతుకు వెళ్లానంటే పక్క చేను రైతును అడగాలి. పాలు పోశానంటే పాల కేంద్రం పుస్తకం చూడాలి. బస్సెక్కానంటే కండక్టరును అడగాలి. ఇది ఒళ్లు వంచి తిరగవలసిన పని. లాఠీ పట్టడం దీనికంటే తేలిక. వచ్చిన చిక్కంతా అక్కడే.

గుంటూరు జిల్లా నుంచి లండన్ దాకా

పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం కోర్టులో ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు. ఇది కొత్తగా వచ్చిన ఔదార్యం కాదు. తెల్లవారి కాలంలో, 1872 సాక్ష్య చట్టంలోనే ఉంది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఉంది. అంగీకారం చెల్లాలంటే ముద్దాయి తన ఇష్టంతో మేజిస్ట్రేటు ఎదుట చెప్పాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న మనిషి చెప్పిన మాటవల్ల ఏదైనా వస్తువు గాని సంగతి గాని బయటపడితే, దానికి సూటిగా సంబంధించిన ముక్కమేరకు చెల్లుతుంది. ఆ ముక్క ఎంతవరకు అని తేల్చింది మన తెలుగు పల్లె కేసే. గుంటూరు జిల్లాలో ముఠా తగాదాలో ఇద్దరు హత్యకు గురైన కేసులో ఒక ముద్దాయి, తామంతా కలిసి కొట్టి చంపామని చెబుతూ, బల్లెమూ కర్రా ఫలానా వారి వాములో దాచానని, వస్తే చూపిస్తానని అన్నాడు. కేసు సెషన్స్ కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి లండన్ ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. దాచాను, చూపిస్తాను అన్నంతవరకే చెల్లుతుందని, చంపామన్న భాగం చెల్లదని అక్కడి న్యాయమూర్తులు తేల్చారు. మిగిలిన సాక్ష్యం శిక్షకు చాలుతుందో లేదో చూడమని కేసును తిరిగి హైకోర్టుకు పంపారు. 1947 లా రిపోర్టుల్లో అచ్చయిన ఈ ‘పులుకూరి కోటయ్య’ కేసును ఈనాటికీ దేశమంతటా న్యాయ విద్యార్థులు చదువుతారు. మన జిల్లాల్లో మాత్రం ‘ఒప్పుకున్నాడటగా, ఇంకేం’ అనే మాటే చెలామణి అవుతోంది.

ఈ ‘ఒప్పుకున్నాడటగా’ ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి విజయవాడ సమీపంలో 2007 డిసెంబరులో హాస్టలులో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు చాలు. ఊళ్లూ పత్రికలూ నాయకులూ నేరస్థుణ్ణి వెంటనే పట్టుకోవాలని ఒత్తిడి చేశారు. 2008లో ఒక పేదింటి యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతను 8 ఏళ్లకు పైగా జైల్లో గడిపాడు. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో ఆ అమ్మాయి అవశేషాలను సమాధి నుంచి తీసి మళ్లీ పరీక్షించవలసి వచ్చింది. ఒక తల్లి కొడుకును 8 ఏళ్లు పోగొట్టుకుంది. మరో తల్లి, కూతురు పోయిన దుఃఖంతోపాటు, ఆ సమాధి తవ్వడం కూడా చూడవలసి వచ్చింది. మొదటి రోజుల దర్యాప్తు దారి తప్పితే నష్టపోయేది ముద్దాయి ఒక్కడే కాదు, ఫిర్యాది కూడా.

తెలుసుకోవలసిన నాలుగు మాటలు

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివారికో స్నేహితులకో తెలియజేయాలి. ప్రయాణ సమయం కాక 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ సమయంలో వకీలును కలుసుకునే హక్కు ఉంది. విచారణ పొడుగునా వకీలు పక్కనే కూర్చోవడానికి కాదు. వకీలును పెట్టుకునే స్తోమతు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఫోను 15100. సాక్షులుగా పిలిచేటప్పుడు స్త్రీలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటినవారిని, వికలాంగులను ఠాణాకు రమ్మనకూడదు. ఇంటి దగ్గరే అడగాలి. పోలీసులు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం అవసరం లేదు. తెల్లకాగితం మీద ఎవరడిగినా సంతకం చేయవద్దు, వేలిముద్ర వేయవద్దు.

తనకు శిక్ష తెచ్చిపెట్టే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు రాజ్యాంగం 20వ అధికరణం ఇచ్చింది. అది ఠాణాలో జరిగే విచారణకూ వర్తిస్తుందని 1978లో నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టం లేనివారికి నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు చేయకూడదని 2010లో చెప్పింది. విచారణ గదులతో సహా పోలీసు స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో ఆదేశించింది. మన ఠాణాలో అవి ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని అడగడం సర్పంచులకు, మండల పెద్దలకు చేతకాని పని కాదు.

నేరం ఒప్పించడానికి కొట్టడం దానికదే నేరం. భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు, తీవ్రగాయమైతే 10 ఏళ్ల వరకు శిక్ష ఉంది. అది ఖాకీ చొక్కాకే కాదు, రచ్చబండ దగ్గర తాడు పట్టుకున్నవారికీ వర్తిస్తుంది.

తప్పు ఒక్కరిది కాదు

పోలీసుల ఇబ్బందులు తెలియనివి కావు. ఒకే ఎస్సై పొద్దున బందోబస్తుకు, మధ్యాహ్నం కోర్టుకు, రాత్రి గస్తీకి వెళ్లి, మధ్యలో దర్యాప్తు చేయాలి. దానికి తోడు 24 గంటల్లో పట్టుకోకపోతే రాస్తారోకో చేస్తామని మనం కూర్చుంటాం. ‘ఇంకా దొరకని నిందితుడు’ అని పత్రికలు రాస్తాయి. ఎవరో ఒకరిని చూపించక తప్పని స్థితి మనమే తెస్తున్నాం. ముసుగు వేసి నిలబెట్టిన మనిషి ఫొటో కింద ‘నేరం అంగీకరించాడు’ అని అచ్చువేసేటప్పుడు, ఆ అంగీకారం కోర్టు గడప దాటదని రాసేవారికీ తెలుసు. ఈ విషయంలో పత్రికలు కూడా కొంత నిగ్రహం పాటించడం మంచిది.

త్వరగా పట్టుకోండి అని కాదు, సరిగ్గా పట్టుకోండి అని ప్రజలు అడగాలి. ఎవరిని పట్టుకున్నారని కాక, ఏ ఆనవాలు దొరికిందని అడగాలి. ప్రతి ఠాణాలో తాడు, కాగితపు కవర్లు, చేతి తొడుగులు, ప్లాస్టర్ వంటి సామాను సిద్ధంగా ఉంచడం, వాటిని వాడడం కానిస్టేబుళ్లకు నేర్పడం పెద్ద ఖర్చేమీ కాదు. గ్రామసభలో ఏడాదికొకసారి ఈ సంగతులు ఎస్సై చేతనే చెప్పించవచ్చు. మధ్యవర్తులుగా పిలిచినవారు, ఏ వస్తువు ఎక్కడ దొరికిందో కళ్లారా చూసి, రాసింది చదివి, చదువురాకపోతే చదివించుకుని, అప్పుడే సంతకం పెట్టాలి. చూడనిదానికి సంతకం పెట్టమంటే కుదరదని చెప్పాలి.

ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆనాడు నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ కేసులో దొంగ దొరికేవాడో లేదో గాని, పత్తి చేలో మాతో సమానంగా చెమటోడ్చిన ఒక మనిషి ఈపాటికి మా ఊళ్లోనే ఉండేవాడు.